చలికి ముందే ఖాళీ ఇంట్లోంచి నీళ్లు తీసేయండి

అమెరికాలో మిషిగన్, ఒహాయో, ఇలినాయ్ వంటి చోట్ల బ్యాంకు జప్తు చేసిన ఇంటిని కొనే మనవాళ్లు పైకప్పు చూస్తారు, పునాది చూస్తారు, దగ్గర్లో స్కూళ్లు ఎలాంటివో చూస్తారు. గోడల లోపల పైపుల్లో నిలిచిపోయిన నీళ్ల సంగతి మాత్రం జనవరి దాకా గుర్తుకు రాదు. మన ఊళ్లలో ఇల్లు ఖాళీగా ఉందంటే చెదలు, పిచ్చిమొక్కలు, కబ్జా భయం. ఇక్కడ వాటన్నిటికంటే ముందు నీటి భయం.

గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పైపు పగలడం తరచుగా మంచు గడ్డ ఉన్నచోట జరగదు. గడ్డకూ మూసి ఉన్న కొళాయికీ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పైపు చీలుతుంది. చీలినప్పుడు ఒక్క చుక్క కూడా బయటికి రాకపోవచ్చు. ఎండ కాసి గడ్డ కరిగిన రోజున మొదలవుతుంది అసలు కథ. మనుషులున్న ఇంట్లో చప్పుడు విని ఎవరో ఒకరు వాల్వ్ కట్టేస్తారు. ఖాళీ ఇంట్లో ఆ నీళ్లు మీరు వెళ్లేదాకా పారుతూనే ఉంటాయి. మీరు వెళ్లేసరికి పై అంతస్తు సీలింగు కింది అంతస్తు కార్పెట్ మీద ఉంటుంది.

కాబట్టి ఇంటిని వెచ్చగా ఉంచడం కంటే ఇంట్లో నీళ్లు లేకుండా చేయడం మీదే దృష్టి పెట్టండి. ఉత్తరాది రాష్ట్రాల్లో అక్టోబరు ముగిసేలోగా ఈ పని అయిపోవాలి.

లోపలికి వెళ్లే హక్కు వచ్చిందా?

వేలంలో మీ పాట ఖాయమైనంత మాత్రాన ఇల్లు మీ చేతికి వచ్చినట్టు కాదు. మిషిగన్‌లో షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) నిర్వహించే వేలం తర్వాత పాత యజమానికి బాకీ తీర్చి ఇంటిని విడిపించుకునే గడువు ఉంటుంది, చాలా ఇళ్లకు అది 6 నెలలు. అప్పటిదాకా ఇంట్లో ఉండే హక్కు అతనిదే. ఇల్లు ఖాళీగా కనిపిస్తోంది కదా అని తాళం మార్చి, పైపులు ఖాళీ చేయడం మొదలుపెడితే మంచి చేయబోయి కేసులో ఇరుక్కుంటారు. గడువు మధ్యలో చలికాలం వచ్చిపడితే లాయరు ద్వారా రాతపూర్వకంగా అనుమతి అడగండి.

బ్యాంకు దగ్గర నుంచి నేరుగా కొంటుంటే పరిస్థితి వేరు. బ్యాంకు పంపిన కాంట్రాక్టరు అప్పటికే నీళ్లు తీసేసి, ఇంటిని చలికాలానికి సిద్ధం చేశామని తలుపు మీద, టాయిలెట్ మూత మీద స్టిక్కర్లు అంటించి ఉంటాడు. ఆ స్టిక్కర్లను పూర్తిగా నమ్మకండి. టాయిలెట్ బేసిన్‌లో గులాబీ రంగు ద్రవం ఉందా, వేడినీళ్ల హీటరు కింద ఉన్న వాల్వ్ తిప్పితే నీళ్లు వస్తున్నాయా, మీటరు ఉందా తీసేశారా అన్నవి మీరే చూసుకోండి. ఇంకో ప్రమాదం ఇంటి తనిఖీ రోజున వస్తుంది. ఇన్‌స్పెక్టరు కోసం నీళ్లు తెరుస్తారు, అన్నీ పరీక్షిస్తారు, సాయంత్రం తాళం వేసి వెళ్లిపోతారు. తీసేసిన నీళ్లు మళ్లీ పైపుల నిండా ఉంటాయి. తెరిచిన రోజే మళ్లీ ఖాళీ చేయాలని, ఆ ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలో రాయించండి.

వేడి పెట్టి ఉంచాలా, పూర్తిగా ఖాళీ చేయాలా?

"ఫర్నేస్ (ఇంటిని వెచ్చబెట్టే యంత్రం) 55 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టి వదిలేస్తే చాలు కదా" అని చాలామంది అంటారు. రెండు వారాలు ఇండియా వెళ్లొచ్చే ఇంటికి అది సరిపోతుంది, ఆ మధ్యలో తాళంచెవి ఉన్న స్నేహితుడు ఒకసారి చూసి వస్తాడు కాబట్టి. నెలల తరబడి ఖాళీగా ఉండే ఇంటికి ఆ పద్ధతి నేను చెప్పను. ఫర్నేస్ ఆగిపోవడానికి కరెంటు పోనక్కరలేదు. థర్మోస్టాట్ బ్యాటరీ అయిపోయినా చాలు, గోడలోంచి బయటికి వచ్చే గాలి గొట్టం మూతి మీద మంచు పేరుకున్నా చాలు. వేడి పెట్టినా సరే, నీటి మెయిన్ మాత్రం కట్టేయాల్సిందే.

పూర్తిగా ఖాళీ చేయాలని నిర్ణయించుకున్నాక కరెంటు మొత్తం తీయించేయవద్దు. బేస్‌మెంట్‌లో సంప్ పంపు ఉంటే అది నడుస్తూనే ఉండాలి. మంచు కరిగే రోజుల్లో నేలలోంచి ఊరే నీటికీ మీరు ఖాళీ చేసిన పైపులకూ సంబంధం లేదు, పంపు ఆగితే బేస్‌మెంట్ చెరువవుతుంది. హీటరు, బావి మోటారు, స్టవ్ వంటి వాటి బ్రేకర్లు మాత్రం విడివిడిగా దించి, వాటి మీద టేపు అంటించండి.

నీటిని ఆపడం

నగరపు నీళ్లయితే నీటి విభాగానికి ఫోను చేసి వీధి దగ్గరే సరఫరా కట్టేయమనండి, వీలైతే మీటరు కూడా తీసుకెళ్లమనండి. వేడి లేని బేస్‌మెంట్‌లో మీటరు కూడా గడ్డకట్టి పగులుతుంది, దాని ఖరీదు మీ బిల్లులోకే వస్తుంది. చలి మొదలయ్యాక వాళ్లకు తీరిక ఉండదు, సెప్టెంబరులోనే చెప్పిపెట్టుకోండి.

ఇంటి లోపలి మెయిన్ వాల్వ్ కూడా కట్టాలి. పాతకాలపు ఇళ్లలో గుండ్రటి చక్రం ఉన్న వాల్వ్‌లు ఎన్నాళ్లుగానో కదలక బిగుసుకుపోయి, కట్టినట్టే కనిపిస్తూ లోపల కొద్దికొద్దిగా వదులుతుంటాయి. కట్టాక ఇంట్లో అన్నిటికంటే కిందున్న కొళాయి తెరిచి ఓ పావుగంట చూడండి. ధార ఆగినా చుక్క చుక్కగా వస్తూనే ఉంటే ఆ వాల్వ్‌ను నమ్మడానికి లేదు, వీధి దగ్గర కట్టాల్సిందే. బావి నీళ్లయితే ముందు మోటారు బ్రేకర్ దించి, ఆ తర్వాత ప్రెషర్ ట్యాంకు ఖాళీ చేయండి.

హీటరు

తొందరపడి పాడుచేసుకునేది ఇక్కడే. ముందు వేడి ఆపాలి, తర్వాతే నీళ్లు తీయాలి. గ్యాసు హీటరైతే గ్యాసు కట్టండి, కరెంటు హీటరైతే బ్రేకర్ దించండి. లోపల నీళ్లు లేకుండా కరెంటు ఎలిమెంట్ వెలిగితే క్షణాల్లో మాడిపోతుంది.

మామూలు ఇళ్లలో ఈ ట్యాంకు 40 నుంచి 50 గ్యాలన్లు పడుతుంది. చల్లారడానికి కొన్ని గంటలు ఆగండి. అడుగున ఉన్న వాల్వ్‌కు తోట హోసు బిగించి, రెండో కొసను నేల మీద ఉన్న డ్రెయిన్‌లోకి పెట్టి తెరవండి. కాస్త వచ్చి ఆగిపోతే కంగారుపడకండి. కొబ్బరిబొండంలో పెట్టిన స్ట్రా పై కొసను వేలితో మూస్తే లోపలి నీళ్లు కిందికి జారవు కదా, ఇదీ అంతే. పై అంతస్తులో వేడినీళ్ల కొళాయి ఒకటి తెరిస్తే గాలి లోపలికి వెళ్లి ధార మళ్లీ మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే అడుగున పేరుకున్న సున్నపు పెళ్లలు వాల్వ్‌కు అడ్డుపడ్డాయని అర్థం. ఒక్క క్షణం మెయిన్ తెరిచి కట్టేస్తే ఆ తోపుకు పెళ్లలు కదులుతాయి. చివర్లో హోసు తీసేసి, వాల్వ్‌ను తెరిచే ఉంచండి.

కొళాయిలు, పై నుంచి కిందికి

పై అంతస్తుతో మొదలుపెట్టి ప్రతి కొళాయీ, వేడిదీ చల్లదీ, తెరుస్తూ దిగండి. ఒకే పిడి ఉన్న కొళాయిలను మధ్యలో ఆపండి. స్నానపు తొట్టి కొళాయి తెరిస్తే సరిపోదు, షవరు మీట కూడా తిప్పాలి. చేతి షవరు ఉంటే కిందికి వేలాడదీయండి. టాయిలెట్‌ను ఫ్లష్ చేసి, ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లను స్పాంజితో పిండి తీసేయండి. మనవాళ్ల ఇళ్లలో, లేదా మనవాళ్ల నుంచి కొన్న ఇళ్లలో, టాయిలెట్ పక్కన జెట్ స్ప్రే తప్పకుండా ఉంటుంది. అమెరికన్ ప్లంబరు దాన్ని పట్టించుకోకుండా వెళ్లిపోవచ్చు, మీరే నొక్కి ఖాళీ చేయండి.

ఇంటి బయటి కొళాయిలకు బిగించి ఉన్న హోసులన్నీ విప్పేయాలి. గడ్డకట్టని రకం కొళాయి అని ధీమాగా ఉంటారు గానీ, హోసు తగిలించి ఉంటే అందులోని నీళ్లు బయటికి జారిపోవు, అదీ పగులుతుంది. పగులు గోడ లోపల ఉంటుంది కాబట్టి వేసవిలో మొక్కలకు నీళ్లు పెట్టేదాకా తెలియదు కూడా.

గాలితో ఊదడం

కొళాయిలు తెరిచి వదిలేసినంత మాత్రాన నీళ్లన్నీ పోవు. వంపులున్న చోట, కిందికి వాలిన పైపుల్లో, వాల్వ్‌ల పొట్టల్లో కొన్ని మిగిలే ఉంటాయి. అందుకే కంప్రెసర్ కావాలి. అద్దెకు దొరుకుతుంది.

లాండ్రీ కొళాయికి హోసు మర సరిపోయే అడాప్టర్ తగిలించి, ఒత్తిడిని 40 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గర ఉంచండి, 50 దాటనివ్వకండి. మీకు కావలసింది గాలి పరిమాణం, గాలి బలం కాదు. హీటరు అడుగు వాల్వ్‌ను ఈ పని జరిగేంతసేపు మూసి ఉంచండి.

కొళాయిలన్నీ కట్టేసి, కంప్రెసర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే తెరవండి. ముందు నీళ్లు దగ్గుతున్నట్టు ఎగిరి పడతాయి, తర్వాత తుంపర, ఆపైన పొడిగాలి. పొడిగాలి వచ్చాకే దాన్ని కట్టి తర్వాతిదానికి వెళ్లండి. వంటింటి డిష్‌వాషరు, బట్టల వాషరు (వేడి, చల్ల రెండూ), ఫ్రిజ్‌లో ఐసు తయారుచేసే సన్నటి గొట్టం, నీటి ఫిల్టరు గిన్నె, నీటి గరుకుతనం తీసే సాఫ్ట్‌నర్, గాలికి తేమనిచ్చేందుకు ఫర్నేస్‌కు తగిలించిన హ్యుమిడిఫైయర్, వీటిని వదిలేస్తే చేసిన పనంతా సగమే. కొత్తరకం ఫర్నేసుల్లో ఆవిరి నీరుగా మారి చేరే చిన్న ట్రాప్ ఒకటి ఉంటుంది. ఫర్నేస్ ఆపేస్తున్నారంటే దాన్నీ ఖాళీ చేయాలి. ఎన్నో చెక్‌లిస్టుల్లో ఇది కనిపించదు.

చేతిలో కంప్రెసర్ ఉండగానే ఒక పరీక్ష చేసేయండి. కొళాయిలన్నీ మూసి పైపుల్లో 35 పీఎస్‌ఐ దాకా గాలి నింపి, అరగంట తర్వాత ముల్లు చూడండి. దిగిపోతుంటే ఎక్కడో చీలిక ఉంది, లేదా ఎవరో రాగి పైపు కోసుకుపోయారు. ఖాళీ ఇళ్లలో రాగి దొంగతనం మామూలే. బ్యాంకు ఇల్లు పొడిగా మీ చేతికి వచ్చినప్పుడు నీళ్లు తెరిచి పరీక్షించే కంటే ఇలా గాలితో పరీక్షించడమే మేలు. గాలి కారితే గోడ తడవదు.

గులాబీ రంగు యాంటీఫ్రీజ్

సింకు కింద ఇంగ్లిషు యు అక్షరంలా వంగిన గొట్టంలో నీళ్లు నిలిచి ఉండటం వల్లే మురుగు వాసన ఇంట్లోకి రాదు. ఆ నీటిని గాలితో తీయలేం, తీయకూడదు కూడా. దాని బదులు ఆర్‌వీలకు (లోపల ఉంటూ ప్రయాణించే ఇల్లులాంటి వాహనాలకు) వాడే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా చేసే ద్రవం) పోయాలి. అందులో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉన్న రకమే కొనండి. ఆల్కహాలు రకం చవక గానీ త్వరగా ఆవిరైపోతుంది, పైగా మండుతుంది. కార్లలో పోసేది ఇథిలీన్ గ్లైకాల్, విషం. పిల్లులకు, కుక్కలకు కొంచెం తాగినా ప్రాణాంతకం. గ్యారేజ్‌లో మిగిలింది ఉంది కదా అని దాన్ని ఇంట్లో ఎక్కడా పోయకండి.

సీసా మీద మైనస్ 50 డిగ్రీల ఫారన్‌హీట్ అని ఉంటుంది. అంతదాకా ద్రవంగానే ఉంటుందని కాదు, అంత చలిలోనూ పైపు పగలదని దాని అర్థం. అంతకు చాలా ముందే అది మెత్తటి ఐసు ముద్దలా అవుతుంది, గట్టిపడి ఉబ్బదు. నీళ్లు కలిపితే ఆ గుణం పోతుంది కాబట్టి ఉన్నది ఉన్నట్టే పోయండి. ఒక్కో సింకుకు ఒకటి రెండు కప్పులు చాలు, స్నానపు తొట్టికి, షవరుకు ఇంకొంచెం. టాయిలెట్ బేసిన్‌లో నీళ్లు తోడేశాక అర గ్యాలన్, పై ట్యాంకులో కొంచెం. బేస్‌మెంట్ నేల డ్రెయిన్, వాషరు నీళ్లు వదిలే గొట్టం, డిష్‌వాషరు అడుగు గుంట కూడా మరవకండి. పోశాక టాయిలెట్ మూత దించి టేపు వేయండి, ఎవరో వచ్చి వాడేసి ఫ్లష్ చేస్తే పోసినదంతా పోతుంది.

బాయిలర్, రేడియేటర్లు ఉన్న పాత ఇల్లు

డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, షికాగో పాత పేటల్లో వేడి నీళ్లు తిరిగే ఇనుప రేడియేటర్ల ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. తాగునీటి పైపులన్నీ ఖాళీ చేసి, ఈ పైపులను మర్చిపోయారంటే గదికొకటి చొప్పున రేడియేటర్లు పగులుతాయి. అవి పోత ఇనుమువి, అతుకు వేయడం కష్టం. క్రమం ఇది: బాయిలర్ మంట ఆపి చల్లారనివ్వాలి, నీళ్లు పోసే వాల్వ్ కట్టాలి, బాయిలర్ అడుగున హోసు బిగించాలి, ఆపైన పై అంతస్తు నుంచి ప్రతి రేడియేటర్ గాలి మరనూ వదులు చేస్తూ రావాలి. వాలు సరిగా లేని పైపుల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అనుభవం ఉన్నవాడికే తెలుస్తుంది. మిగతా పనులన్నీ మీరే చేసుకోండి గానీ దీనికి బాయిలర్ తెలిసిన ప్లంబరును పిలవండి. అగ్నిమాపక స్ప్రింక్లర్లు ఉంటే వాటిని అసలు ముట్టుకోవద్దు, లైసెన్సు ఉన్నవారి పని అది.

టెక్సస్‌లో కొన్నవారికి

టెక్సస్‌లో జప్తు ఇళ్ల వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం జరుగుతుంది, డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఆ వేలానికి వెళ్తుంటారు. ఇక్కడ చలి ఏముందని అనుకునేవాళ్లకు 2021 ఫిబ్రవరి సమాధానం చెప్పింది. డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది, లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అక్కడ నీటి పైపులు, ఒక్కోసారి హీటరు కూడా అటక మీద ఉంటాయి. అంటే పగిలితే నీళ్లు నేరుగా సీలింగు మీదే. ఉత్తరాదిలా నెలల పాటు భయం లేదు కాబట్టి ఆర్‌వీ యాంటీఫ్రీజ్ దాకా వెళ్లకపోయినా, డిసెంబరులోనే మెయిన్ కట్టి, హీటరు, కొళాయిలు ఖాళీ చేసి ఉంచండి. తుఫాను హెచ్చరిక వచ్చాక ప్లంబరు దొరకడు.

తలుపు వేసే ముందు

ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే బూజు పడుతుంది. వంటింట్లో పాత సరుకు ఒక్క గింజ మిగలకూడదు, చలికి ఎలుకలు వెచ్చటి చోటు వెతుక్కుంటూ వస్తాయి. పగిలిన అద్దాలకు ప్లైవుడ్ కొట్టండి. పైకప్పు చూరు గొట్టాల్లో ఆకులు తీసేయండి.

తలుపు మీద, మెయిన్ వాల్వ్ మీద, హీటరు మీద, ప్రతి సింకు మీద కాగితం అంటించండి: నీళ్లు తీసేశాం, కొళాయి, టాయిలెట్ వాడవద్దు, తేదీ ఫలానా. రియల్టరు, మీటరు చూసేవాడు, మీ బావమరిది, ఎవరు వచ్చినా ముందు అది కనబడాలి. అది ఇంగ్లిషులో రాయడం మర్చిపోకండి.

తెరిచి ఉన్న వాల్వ్‌లు, మీటరు, గాలి పరీక్ష ముల్లు, గులాబీ రంగు కనిపించే టాయిలెట్, అన్నిటినీ ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్ కోసం ఇవి పనికొస్తాయి. మామూలు గృహ బీమా పాలసీల్లో చాలావాటిలో, ఖాళీ ఇంట్లో గడ్డకట్టి నష్టం జరిగితే, వేడి కొనసాగించారనో, నీరు ఆపి పైపులు ఖాళీ చేశారనో చూపితేనే పరిహారం వస్తుంది. వరుసగా 60 రోజులు, కొన్నిటిలో 30 రోజులు, ఖాళీగా ఉంటే ఆకతాయిల విధ్వంసానికి కవరేజీ ఉండదు. ఖాళీ ఇంటికి ప్రత్యేకంగా పాలసీ అమ్ముతారు. ఖరీదు ఎక్కువే, అయినా తీసుకోండి. ఇంట్లో ఎవరూ ఉండటం లేదన్న విషయం ఏజెంటు దగ్గర దాచవద్దు.

వారానికోసారి ఎవరైనా చుట్టూ తిరిగి చూడాలి. చాలా ఊళ్లలో ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయడం యజమాని బాధ్యత, తీయకపోతే జరిమానా. అడుగుజాడ, టైరు జాడ లేని మంచు దొంగలకు పిలుపు లాంటిది. పక్కింటివాళ్లకు మీ ఫోను నంబరు ఇచ్చి, వాళ్ల రెండో కారును మీ వాకిట్లో నిలుపుకోమనండి.

మళ్లీ తెరిచేటప్పుడు

రాత్రుళ్లు గడ్డకట్టడం పూర్తిగా ఆగాక, ఇల్లు వెచ్చబడ్డాక తెరవండి. ఖాళీ చేసే వాల్వ్‌లన్నీ మూసి, పై అంతస్తు కొళాయిలు తెరిచి, మెయిన్‌ను పావు వంతు మాత్రమే తిప్పండి. ఒకరు మెయిన్ దగ్గరే నిలబడాలి, ఇంకొకరు ఇల్లంతా తిరుగుతూ చప్పుడు వినాలి. గాలి పోయి ధార నిండుగా వచ్చాక ఒక్కొక్క కొళాయీ కట్టుకుంటూ రండి. కొళాయి మూతుల్లోని జల్లెడలు విప్పి, వాటిలో చేరిన తుప్పు, ఇసుక పోయేలా కడగండి. డిష్‌వాషరును ఒకసారి ఖాళీగా తిప్పి, గులాబీ రంగు పోయాకే గిన్నెలు పెట్టండి. హీటరు నిండి, వేడినీళ్ల కొళాయిలోంచి గాలి లేకుండా నీళ్లు వచ్చేదాకా దాని బ్రేకర్ మీద అంటించిన టేపు తీయకండి.